కత్తిపీట నుంచి సుషీ కత్తి దాకా



కోల్‌కతా నగరం దక్షిణ భాగంలో గరియాహాట్ అనే కూడలి ఉంది. అక్కడి చేపల బజారుకు పొద్దున్నే వెళ్లారనుకోండి. చేపలమ్మే మనిషి ఎత్తైన అరుగు మీద కూర్చుని ఉంటాడు. అతని ముందు వంపు తిరిగిన పెద్ద ఇనుప కత్తి చెక్కకు బిగించి నిలబెట్టి ఉంటుంది. దాన్ని బెంగాలీలు బొఁటి అంటారు. తెలంగాణ విద్యార్థులు నవ్వకండి, మీరనుకునే బోటి వేరు. ఇది మన కత్తిపీటే, కాకపోతే కాస్త పెద్దది. అతను పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో చేపను ఎత్తి, కత్తి మీదికి నెడతాడు. నాలుగు కిలోల బొచ్చె చేప తల ఒక్క ఊపులో వేరవుతుంది. పొలుసు, పొట్ట, మొప్పలు, ముక్కలు అన్నీ రెండు మూడు నిమిషాల పని.

ఆ చేప ఎక్కడిదని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు "ఆంధ్రాది" అని. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచు నింపిన పెట్టెల్లో లారీలెక్కి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, హౌరా స్టేషన్ పక్కనున్న టోకు చేపల మార్కెట్‌కు వస్తాయి. పెంచేది మనం, తినేది వాళ్లు. చేప విషయంలో ఈ రెండు జాతులకూ ఉన్న ధీమా అంతా ఇంతా కాదు.

నేను ఈ నగరంలో పాకశాస్త్రం బోధిస్తున్నాను. ఏటా నా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "సుషీ షెఫ్ కావాలంటే ఎన్నాళ్లు నేర్చుకోవాలి సార్?" అని అడుగుతారు. ఒకసారి భీమవరం నుంచి వచ్చిన కుర్రవాడు ఇంకో మాట కూడా కలిపాడు. "మేం చెరువు గట్టు మీదే పుట్టామండి. చేప సంగతి మాకు కొత్తగా నేర్పేదేముంటుంది?" అన్నాడు. పక్కన కూర్చున్న బెంగాలీ పిల్లలు కూడా అవునన్నట్టు తలూపారు. ఈ రోజు నా ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే. ముందుగానే ఒక మాట మనవి చేస్తాను. మనకు చేప గురించి తెలిసినదాంట్లో సగం ఈ విద్యకు పనికొస్తుంది. మిగతా సగం అపాయం తెస్తుంది. ఏది ఏ సగమో తెలుసుకోవడంతోనే ఈ శిక్షణ మొదలవుతుంది.

అసలు సుషీ అంటే ఏమిటి? పచ్చి చేప అని మీలో చాలామంది అనుకుంటారు. కాదు. వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం ఉంటేనే అది సుషీ. అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలను సాషిమి అంటారు. దోసకాయతో చేసినా, కోడిగుడ్డు అట్టుతో చేసినా, ఉడికించిన రొయ్యతో చేసినా ఆ అన్నం ఉంటే సుషీయే.

దీని పుట్టుక ఇంకా వింతగా ఉంటుంది. చేపను ఉప్పులో ఊరబెట్టి, తర్వాత అన్నంలో నెలల తరబడి పూడ్చి ఉంచేవారు. అన్నం పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. ఆ పులుపు చేపను కుళ్లిపోకుండా కాపాడుతుంది. మన చద్దన్నం పులవడానికి కారణమైన సూక్ష్మజీవుల కుటుంబమే అక్కడ కూడా పనిచేస్తుంది. ఆ రోజుల్లో అన్నాన్ని పారేసి చేపను మాత్రమే తినేవారు. జపాన్‌లో బివా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి పేరుతో ఈ పాత పద్ధతి నేటికీ ఉంది. దానికి వాడే చేప ఏ జాతిదో తెలుసా? కార్ప్ కుటుంబానిది. మన బొచ్చెకు, శీలావతికి దూరపు చుట్టం.

తర్వాతి కాలంలో పులిసేదాకా ఆగే ఓపిక లేక అన్నంలో వెనిగర్ కలపడం మొదలుపెట్టారు. ఈనాడు మనం చూసే సుషీ, అంటే చేతితో నొక్కిన అన్నం ముద్ద మీద చేప ముక్క, 19వ శతాబ్దం మొదటి భాగంలో ఎదో నగరంలో రూపుదిద్దుకుంది. ఎదో అంటే ఇప్పటి టోక్యో. హనాయా యోహే అనే వ్యాపారికి ఆ ఘనతను ఇస్తారు. అది నక్షత్రాల హోటళ్ల తిండి కాదు. పనివాళ్లు వీధి బండి దగ్గర నిలబడి, రెండు ముద్దలు నోట్లో వేసుకుని వెళ్లిపోయేవారు. మన మిర్చిబజ్జీ బండి వంటిదన్నమాట.

ఇక శిక్షణకు వద్దాం. కొత్తగా చేరినవారికి మొదటిరోజే కత్తి ఇస్తారని ఆశపడకండి. నేను యువకుడిగా ఒక పెద్ద హోటల్లో ఈ పని నేర్చుకునేందుకు చేరినప్పుడు మా గురువుగారు నాకు ఒక బియ్యం బస్తా చూపించారు. నాలుగు నెలలు అదే నా లోకం. చేపల పెట్టె తెరిచే అధికారం లేదు. నాకు చాలా కోపం వచ్చింది. అన్నం వండడం రానివాడు తెలుగునాట ఉంటాడా అని లోలోపల గొణుక్కున్నాను.

చివరికి నాకు రానిది అన్నం వండడమేనని తేలింది. మన దృష్టిలో మంచి అన్నం అంటే మెతుకుకు మెతుకు అంటకుండా పొడిపొడిగా రాలాలి. బెంగాల్లోనూ అంతే, గంజి వార్చి పొడిగా తీస్తారు. సుషీకి వాడే గింజ పొట్టిది, జపోనికా రకానిది. అది మెత్తగా ఒకదానికొకటి అంటుకోవాలి, అయినా ఏ గింజకు ఆ గింజ పగలకుండా కనిపించాలి. కడిగేటప్పుడు గట్టిగా రుద్దితే గింజ విరుగుతుంది, విరిగిన గింజ జిగురు కక్కి ముద్దవుతుంది. మెల్లగా రుద్దితే పైపొడి పోదు. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో చేతికే తెలియాలి. కొత్త బియ్యం నీరు తక్కువ పీలుస్తాయి, పాత బియ్యం ఎక్కువ పీలుస్తాయి. మన అమ్మలకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కోల్‌కతా వానాకాలంలో గాలి తేమ మూలంగా నిన్నటి కొలత ఇవాళ సరిపోలేదని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు.

ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలోకి దించి, వెనిగర్ మిశ్రమం పోసి, చెక్క గరిటెతో కోస్తున్నట్టుగా కలపాలి. మెదపకూడదు. ఒకరు కలుపుతుంటే ఇంకొకరు విసనకర్రతో విసురుతారు. పైనున్న అధిక తేమ ఆరిపోయి మెతుకులకు మెరుపు వస్తుంది. వడ్డించే వేళకు అన్నం మన ఒంటి వేడితో ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి చెడిపోతుంది.

ఇక్కడ రసాయన శాస్త్రం కూడా ఉంది. వండిన అన్నాన్ని గది ఉష్ణోగ్రతలో గంటల తరబడి ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. సుషీ అన్నం బయటే ఉండాలి కదా, మరి దాన్ని కాపాడేది ఏమిటి? వెనిగర్‌లోని ఆమ్లం. అన్నం పి.హెచ్. విలువ 4.6 కంటే తగ్గేలా చూసుకోవాలి. బాధ్యత తెలిసిన వంటశాలల్లో రోజూ పి.హెచ్. కొలిచి పుస్తకంలో రాస్తారు. నాలుగు నెలలు బియ్యం దగ్గర ఎందుకు ఉంచారో నాకు అప్పుడు అర్థమైంది. చేప చెడిపోతే వాసన వస్తుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఈ అన్నంలోని తప్పు వాసన చూసి పట్టుకునేది కాదు.

తర్వాత ముద్ద కట్టడం. ఒక ముద్దకు 15 నుంచి 20 గ్రాముల అన్నం పడుతుంది. చేయి తొట్టిలోకి వెళ్లిన ప్రతిసారీ అంతే రావాలి. మొదట్లో ప్రతి ముద్దనూ తూకం వేయిస్తారు. పైన నిలకడగా ఉండాలి, లోపల గాలి ఉండాలి, నోట్లో పెట్టుకోగానే విడిపోవాలి. లడ్డూ చుట్టినట్టు బిగిస్తే పనికిరాదు. ఈ ఒక్క విషయంలో మన మిఠాయి చేతివాటం అడ్డం వస్తుంది.

ఇప్పుడు కత్తి. గరియాహాట్ బజారులో మనం చూసిన దృశ్యాన్ని మళ్లీ గుర్తుకు తెచ్చుకోండి. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, చేప కదులుతుంది. సుషీ బల్ల దగ్గర చేప కదలదు, కత్తి కదులుతుంది. తేడా ఇంతేనా అనిపిస్తుంది గాని, భుజం నుంచి వేలి కొన దాకా నేర్చుకున్న కదలిక మొత్తం తిరగబడుతుంది. పచ్చి చేపను కోసే కత్తి పేరు యనాగిబా. 27 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, సన్నటి ఆకు ఆకారం. దీనికి పదును ఒక వైపే ఉంటుంది, రెండో వైపు దాదాపు చదునుగా ఉంటుంది. మడమ దగ్గర మొదలుపెట్టి కొన దాకా ఒక్క లాగులో ముక్క కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించకూడదు. ఎందుకు? నొక్కి కోస్తే కండలోని కణాలు నలిగి నీరు కారుతుంది, ముక్క మసకబారుతుంది. పదునుగా లాగితే కోసిన ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది, నాలుకకు ఆ తేడా తెలుస్తుంది. పులుసులో వేసే ముక్కకు ఈ బాధ లేదు. అందుకే మన బజారు పనితనానికి ఆ అవసరం రాలేదు, అది వాళ్ల లోపం కాదు.

ఆ పదును నిలవాలంటే రోజూ నీటిరాయి మీద నూరాలి. మొదట ముతక రాయి, తర్వాత సన్నరాయి. ఒక కోణం పట్టి, ఆ కోణం తప్పకుండా. నా విద్యార్థుల్లో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కోయడానికి అందరికీ ఉత్సాహం, నూరడానికి ఎవరికీ ఉండదు.

అయితే మనకు పనికొచ్చే సగం కూడా చెప్పాలి. చేపను తాకి తాజాదనం చెప్పగల వేళ్లు, మొప్పల రంగు చదవగల కళ్లు, ముల్లు ఎక్కడ దాగి ఉందో తెలిసిన అనుభవం చిన్న ఆస్తి కాదు. పులస తిని పెరిగినవాడికి, ఇలిష్ తిని పెరిగినవాడికి ముళ్ల గురించి పాఠం చెప్పక్కరలేదు. ఇతర ప్రాంతాల విద్యార్థులకు ఏడాది పట్టేది మీకు వారంలో వస్తుంది.

ఇక అపాయం తెచ్చే సగం. దీన్ని శ్రద్ధగా వినండి. "నిన్న చెరువులో ఈదిన చేప, ఇంతకంటే తాజాది ఏముంటుంది, పచ్చిగా ఎందుకు పనికిరాదు?" అని భీమవరం కుర్రవాడు అడిగాడు. పనికిరాదు. తాజాదనం వేరు, పరాన్నజీవులు లేకపోవడం వేరు. మంచినీటి చేపల కండలో కొన్ని రకాల పురుగుల పిల్లదశలు ఉండవచ్చు. పచ్చిగా తిన్నవారి కాలేయంలో, పిత్తనాళాల్లో అవి ఏళ్ల తరబడి స్థిరపడతాయి. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో పచ్చి మంచినీటి చేపలు తినే అలవాటు వల్ల కాలేయపు పురుగు వ్యాధి, దాని మూలంగా పిత్తనాళాల క్యాన్సర్ పెద్ద ప్రజారోగ్య సమస్యగా మారాయి. మన వంటల్లో చేప బాగా ఉడుకుతుంది, వేగుతుంది. మనల్ని ఇన్ని తరాలు కాపాడింది ఆ పొయ్యి. సుషీ చేసేవాడికి ఆ పొయ్యి లేదు.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండవచ్చు. దాన్ని చంపడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే పద్ధతి చేపను గడ్డకట్టించడం. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు ఉంచడం ఒక మార్గం. మైనస్ 35 డిగ్రీల దగ్గర గట్టిగా గడ్డకట్టించి, అదే చలిలో 15 గంటలు ఉంచడం ఇంకొకటి. కొన్ని జాతుల తూర చేపలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అలాగని తూర నిర్భయమైనదేమీ కాదు. విశాఖపట్నం రేవులో పసుపు రెక్కల తూర దిగుతుంది. పట్టిన వెంటనే దాన్ని మంచులో పెట్టకపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ గడ్డకట్టించినా పోదు, వండినా పోదు. కాబట్టి పడవలో మంచు ఎంత ఉందో నగరంలోని సుషీ షెఫ్ అడిగి తెలుసుకోవాలి. అడగడానికి మొహమాటపడేవాడు ఈ వృత్తికి తగడు.

ఇంకొక విశేషం చెబుతాను. ఇప్పుడు సుషీ అనగానే గుర్తుకొచ్చే నారింజ రంగు సాల్మన్‌ను ఒకప్పుడు జపాన్‌లోనే పచ్చిగా తినేవారు కాదు. వాళ్ల సముద్రంలో దొరికే సాల్మన్‌లో పురుగులుండేవి గనుక ఉప్పు వేసి కాల్చేవారు. నార్వే దేశం పెంపకపు సాల్మన్‌ను, తయారుచేసిన మేతతో పెంచినదాన్ని, 1980లలో జపాన్‌కు తీసుకెళ్లి, పచ్చిగా తినవచ్చని ఒప్పించడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించింది. మేత మారితే చేప మారుతుంది. చేపల పెంపకం చదివే ఆంధ్ర విద్యార్థులకు ఇందులో ఆలోచించవలసింది చాలా ఉంది.

మరి ఎన్నాళ్లు నేర్చుకోవాలి? జపాన్‌లో పాత లెక్క ప్రకారం అన్నానికి మూడేళ్లు, ముద్ద కట్టడానికి ఎనిమిదేళ్లు అంటారు. 1925లో పుట్టిన జిరో ఓనో అనే ప్రసిద్ధ సుషీ నిపుణుని మీద 2011లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ఆయన శిష్యుడొకరు తాను చేసిన కోడిగుడ్డు అట్టును గురువు దాదాపు 200 సార్లు తిప్పికొట్టారని చెబుతాడు. మరోవైపు తకాఫుమి హొరియె అనే వ్యాపారవేత్త 2015లో ఇన్నేళ్ల శిష్యరికం వృథా అని బహిరంగంగానే రాశారు. కొన్ని వారాల్లో, నెలల్లో నేర్పే పాఠశాలలు టోక్యోలోనూ, ఒసాకాలోనూ నడుస్తున్నాయి. మూడు నెలల శిక్షణ పొందినవారు నడిపిన ఒక ఒసాకా దుకాణానికి మిషెలిన్ గైడ్‌లో చోటు కూడా దొరికింది.

నా అభిప్రాయం అడిగితే, ఇద్దరూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారు. పాత పద్ధతిలో చాలా ఏళ్లు గిన్నెలు తోమడానికే పోయేవి, అది చదువు కాదు, చాకిరీ. కానీ మూడు నెలల్లో వచ్చేది పద్ధతి మాత్రమే. చేపను చూసి "ఇది ఇవాళ వద్దు" అనగల ధైర్యానికి అనేక రుతువులు చూడాలి. యజమాని ముఖం మాడ్చుకున్నా, కొన్న డబ్బు పోయినా చేప వద్దని చెప్పాలి. ఆ పని మూడు నెలలవాడు చేయగా నేనింకా చూడలేదు.

"జపానువాళ్లు కాని మనం చేస్తే తింటారా?" అని కూడా అడుగుతుంటారు. ఇదే కోల్‌కతా నుంచి 1915లో మారుపేరుతో ఓడెక్కి జపాన్ చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్. టోక్యోలోని షింజుకులో నకమురాయా అనే బేకరీ నడిపే సోమా దంపతులు ఆయనకు ఆశ్రయమిచ్చారు. వారి కుమార్తె తోషికోను ఆయన పెళ్లాడారు. 1927లో ఆ దుకాణంలో భోజనశాల తెరిచినప్పుడు బోస్ నేర్పిన భారతీయ కోడికూర అక్కడి వంటకాల పట్టికలో చేరింది. ఈనాటికీ ఆ సంస్థ దాన్ని వడ్డిస్తోంది. వండేవారు జపానీయులే. అన్నట్టు, గరియాహాట్ మీదుగా వెళ్లే రాస్‌బిహారీ అవెన్యూ పేరు ఈయనది కాదు, రాస్‌బిహారీ ఘోష్ అనే న్యాయవాదిది. కోల్‌కతావాసులే చాలామంది పొరపడతారు.

విద్యార్థినులకు ఒక మాట. ఆడవారి చేతులు వేడిగా ఉంటాయని, సుషీకి పనికిరావని జపాన్‌లో చాలాకాలం అన్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. 2010లో టోక్యోలోని అకిహబారాలో స్త్రీలే నడిపే నదేషికో అనే సుషీ దుకాణం తెరిచారు. మన కోస్తా తీరంలో చేప బేరమంతా స్త్రీల చేతుల్లోనే నడుస్తుంది కాబట్టి ఈ మాట మీకు మరీ వింతగా తోచవచ్చు.

చేరే మార్గం సంగతి. ఇంటర్మీడియట్ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ప్రభుత్వ సంస్థల్లో చేరవచ్చు. కోల్‌కతాలో తారాతలాలోని సంస్థ 1963 నుంచి ఉంది. హైదరాబాద్‌లో విద్యానగర్‌లో ఉంది. అక్కడ సుషీ ఒక్కటే ప్రత్యేకంగా నేర్పరు. వంటశాల క్రమశిక్షణ, పరిశుభ్రత, కత్తి పట్టడం నేర్పుతారు. పారిశ్రామిక శిక్షణకు జపాన్ వంటశాల ఉన్న హోటల్‌ను ఎంచుకోవడం మీ చేతిలో ఉంది. జపాన్ 2019లో ప్రారంభించిన నిర్దిష్ట నైపుణ్య వీసా విధానంలో ఆహార సేవల రంగాన్నీ చేర్చారు, 2021లో భారతదేశంతో ఒప్పందం కుదిరింది. దీనికి జపాన్ భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష రెండూ గట్టెక్కాలి. ఏ రంగంలో ఎందరిని తీసుకుంటారన్నది మారుతుంటుంది గనుక కోల్‌కతాలోని జపాన్ కాన్సులేట్ వంటి అధికారిక చోట్లే విచారించండి.

ఒక మంచి కుటుంబం ఎకరం పొలం తాకట్టు పెట్టి కొడుకును "విదేశీ సుషీ డిప్లొమా"కు పంపిన సంగతి నాకు తెలుసు. వాళ్లు ఇచ్చిన కాగితం ఏ హోటల్లోనూ చెల్లలేదు. ఆ కుర్రవాడికి అన్నం వండడం కూడా నేర్పలేదు. విదేశీ ఉద్యోగమంటూ ఎవరైనా డబ్బు అడిగితే, వారి పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.

చివరగా, ఇంట్లోనే చేసుకోదగిన అభ్యాసం ఒకటి. వండిన అన్నం ఏదైనా సరే, వంటింటి తూకం పక్కన పెట్టుకుని, చూడకుండా 20 గ్రాముల చొప్పున యాభై ముద్దలు తీయండి. ప్రతి ముద్దనూ తూచి, అంకె రాయండి. మరునాడు మళ్లీ చేయండి. పదిహేను రోజుల తర్వాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. ముద్దలను మాత్రం పారేయకండి, ఉప్పు, నిమ్మకాయ పిండి పులిహోర కలుపుకోండి.